అద్దానికి బదులు అద్దం

మా అన్నగారి కుమారుడు ఉద్యోగరీత్యా రియాద్ వెళ్తూ తన కారు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "చాచా, ఇది మీ దగ్గర అమానతు. వాడుకుంటూ ఉండండి. ఊరికే నిలిపి ఉంచితే బ్యాటరీ పాడైపోతుంది" అన్నాడు. ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమణ పొంది జనగామలో ఇంటిపట్టున ఉంటున్న నాకు ఆ మాట సంతోషమే కలిగించింది. అమానతు అనే మాట ఎంత బరువైనదో ఆనాడు నేను ఆలోచించలేదు.

అది చిన్న విద్యుత్ కారు. మన దేశంలో విద్యుత్ కార్లు నిన్నమొన్న పుట్టినవి కావు. 2001లోనే బెంగళూరులో 'రేవా' అనే చిన్న కారు మార్కెట్లోకి వచ్చింది. లండన్ వీధుల్లో అదే కారు 'జీ విజ్' అనే పేరుతో తిరిగింది. ఆ తరువాత వచ్చిన తొలితరం విద్యుత్ కార్లలో కొన్ని కొద్ది సంవత్సరాలకే తయారీ ఆగిపోయి కనుమరుగయ్యాయి. మావాడి కారు అలాంటిదే. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో నేను తిరిగినన్ని రోజుల్లో దాని తోబుట్టువు ఒక్కటీ నా కంటపడలేదు. ఇంట్లోని 15 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించి ఛార్జింగ్ పెడితే వీధిలోని పిల్లలు చుట్టూ మూగేవారు.

మే నెలాఖరులో మహబూబాబాద్‌లో మా చెల్లెలి మనవడి అఖీఖా జరిగింది. పాలకుర్తి, తొర్రూరు మీదుగా వెళ్లాను. తొర్రూరులో బంధువుల ఇంట భోజనం చేసి, కారుకు కూడా కాసేపు కరెంటు తినిపించి, సాయంత్రానికి చేరుకున్నాను. చెల్లెలి ఇంటి పక్కన ప్రహరీ దాటి వీధిలోకి వంగిన పెద్ద మామిడిచెట్టు ఉంది. నీడ బాగుందని దాని కిందనే కారు నిలిపాను.

"భాయిజాన్, అక్కడ వద్దు. పిల్లలు కాయల కోసం రాళ్లు విసురుతుంటారు. గేటు తీస్తాను, వాకిట్లో పెట్టండి" అని చెల్లెలు చెప్పింది.

"ఒక్క పూటకేగా" అన్నాను. గేటు ఇరుకు. మళ్లీ వెనక్కి తీసి తిప్పడానికి బద్ధకించాను. పాఠకులు ఈ మాట గుర్తుంచుకోవాలి. ఎందుకంటే తరువాత రెండు రోజులపాటు దీన్ని నేను మరచిపోయినట్లు నటించాను.

మరునాడు అస్ర్ నమాజు చేసి వస్తుండగా పెద్ద శబ్దం వినిపించింది. వెళ్లి చూస్తే కారు వెనుక తలుపు అద్దం లేదు. దాని స్థానంలో ఖాళీ ఉంది. సీటు మీద, నేల మీద పటికబెల్లం పలుకుల వంటి గాజు ముక్కలు గుట్టగా పడి ఉన్నాయి. పన్నెండేళ్ల బాలుడొకడు చెట్టు కింద నిలబడి ఉన్నాడు. మిగిలిన పిల్లలు పారిపోయారు. వాడు పారిపోలేదు.

వాడి తల్లి రెండిళ్ల అవతల బట్టలు కుడుతుంది. భర్త లేడు. ఆమె పరుగున వచ్చి, కొడుకు వీపు మీద రెండు దెబ్బలు వేసి, కొంగుముడి విప్పి ఐదు వందల నోటు నా ముందు పెట్టింది. "ఇది ఉంచు సారూ. మిగిలింది నెలనెలా ఇస్తా" అంది.

"నువ్వు నెలంతా కుట్టినా ఈ అద్దం రాదమ్మా. ఇది దొరికే బండి కాదు" అన్నాను. అంతటితో ఆగలేదు. ఆ నోటు తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

అప్పుడు నాకు తప్పనిపించలేదు. కోపంలో ఉన్న మనిషికి తన మాట న్యాయంగానే వినిపిస్తుంది.

ఆ సాయంత్రమే మెకానిక్కుల దగ్గరికి బయలుదేరాను. మొదటి ఇద్దరూ కారును ముట్టుకోలేదు. "కరెంటు బండి సార్, షాక్ కొడితే మా పిల్లలకు దిక్కెవరు?" అన్నారు. మూడోచోట అద్దాల దుకాణదారు ఓపికగా ఒక విషయం వివరించాడు. కారు ముందు అద్దం రెండు గాజు పలకల నడుమ పలుచని పొర పెట్టి అతికించినది. దెబ్బ తగిలితే సాలెగూడులా పగుళ్లు పారుతుంది, రాలిపోదు. పక్క అద్దం వేరు. దాన్ని ఆరు వందల డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడిచేసి, వెంటనే గాలి కొట్టి చల్లబరుస్తారు. పై పొర ముందుగా బిగుసుకుని, లోపలి భాగం తరువాత చల్లారుతుంది. ఆ లాగుడువల్ల మామూలు గాజుకంటే దాదాపు నాలుగు రెట్లు గట్టిపడుతుంది. పగిలినప్పుడు మాత్రం కత్తుల్లాంటి పెంకులుగా కాక ఇలా మొద్దు పలుకులుగా రాలుతుంది. లోపలివారి గొంతు, కళ్లు కోసుకోకుండా ఉండటానికే ఈ ఏర్పాటు.

"అయితే పెద్ద అద్దం తెచ్చి ఈ కొలతకు కోయవచ్చు కదా?" అని అడిగాను.

"కోయలేం సార్. ఒకసారి గట్టిపడిన గాజుకు కత్తి తగిలితే మొత్తం పలుకులైపోతుంది. వంపు, కొలత, రంధ్రాలు అన్నీ ముందే చేసి, ఆ తరువాతే కాలుస్తారు. ఈ బండి కోసం చేసిన అద్దమే కావాలి."

మా జనగామ పక్కన పెంబర్తి ఉంది. అక్కడి పనివారు ఇత్తడి రేకును సుత్తితో కొట్టి దేవతామూర్తులను, కలశాలను మలుస్తారు. సొట్ట పడితే మళ్లీ కొట్టి సరిచేస్తారు. లోహానికి రెండో అవకాశం ఉంటుంది. ఈ గాజుకు అది లేదని ఆ రోజే తెలిసింది.

దుకాణదారు గొంతు తగ్గించి, "ఒక దారి ఉంది. అక్రిలిక్ షీటు కోసి బిగిస్తాను. పైన నల్ల ఫిల్మ్ అంటిస్తే అసలుదో నకిలీదో ఎవరికీ తెలియదు. వెయ్యి రూపాయల్లో అయిపోతుంది" అన్నాడు.

ఎవరికీ తెలియదు అన్న మాట నాకు నచ్చింది. నిజం చెప్పాలంటే చాలా నచ్చింది. మావాడు ఎప్పుడో రెండేళ్లకు వస్తాడు. వచ్చాక ఆ అద్దం దించి ఎక్కించి చూస్తాడా? చూసినా పాతబడిందనుకుంటాడు. రేపు ఉదయం వస్తానని చెప్పి ఇంటికి వచ్చాను.

రాత్రి భోజనాల వేళ ఈ సంగతి చెప్పాను. అల్లుళ్లు, మేనల్లుళ్లు తలో మాట అన్నారు. ఆ బాలుడి తల్లి దగ్గర ఇంకా ఎంత వసూలు చేయాలన్న చర్చ కూడా వచ్చింది. చెల్లెలు అందరికీ వడ్డించి, చివరికి నా పక్కన కూర్చుని, సహీహ్ బుఖారీలోని ఒక సంఘటనను గుర్తుచేసింది.

దైవప్రవక్త (స) తమ సతీమణులలో ఒకరి ఇంట ఉన్నారు. మరొక సతీమణి ఒక పళ్లెంలో ఆహారం పంపారు. ఇంట్లో ఉన్న ఆమె ఈర్ష్యతో సేవకుడి చేతిమీద కొట్టడంతో ఆ పళ్లెం పగిలిపోయింది. ప్రవక్త (స) కోప్పడలేదు. ముక్కలను స్వయంగా ఏరారు. చెదిరిన ఆహారాన్ని పోగుచేశారు. మీ తల్లికి రోషం వచ్చిందని మాత్రం అక్కడున్నవారితో అన్నారు. అయితే అంతటితో వదిలేయలేదు. సేవకుణ్ణి ఆపి, పగులగొట్టిన ఆమె ఇంటినుంచే మంచి పళ్లెం తెప్పించి, పళ్లెం పోగొట్టుకున్న ఆమెకు పంపారు. పగిలినదాన్ని పగిలిన ఇంట్లోనే ఉంచారు.

"మంచి పళ్లెం పంపారు భాయిజాన్. పగిలినదాన్ని అతికించి పంపలేదు" అంది చెల్లెలు. కాసేపాగి, "ఇంకొకటి. అది ఎవరి ఇంట్లో పగిలిందో వారి ఇంటినుంచే వెళ్లింది. మన సంగతి చూస్తే, కారు చెట్టు కింద పెట్టింది ఎవరు?" అంది.

ముద్ద గొంతు దిగలేదు. అమానతు పట్టినవాడు తన తప్పేమీ లేకుండా వస్తువు పాడైతే దాని నష్టం భరించనక్కరలేదని ధర్మవేత్తలు చెబుతారు. నిర్లక్ష్యం చేస్తే మాత్రం బాధ్యుడే. నన్ను హెచ్చరించారు. నేను వినలేదు. రాయి విసిరినవాడు పన్నెండేళ్లవాడు. దానికి గురిగా ఇతరుల సొత్తును నిలిపినవాడు అరవై ఏళ్లు దాటినవాడు. మరి ఐదు వందల నోటు ఎవరి జేబులో ఉంది?

ఆ రాత్రే రియాద్‌కు ఫోన్ చేసి జరిగినదంతా, చెల్లెలి హెచ్చరికతో సహా చెప్పాను. మావాడు నవ్వాడు. "అద్దమే కదా చాచా, మీకేమీ కాలేదు కదా? ఏదో ఒకటి బిగించండి" అన్నాడు. అతడు మన్నించాడు. అది అతడి మంచితనం. అయితే అతడి మంచితనాన్ని సాకుగా చేసుకుని అక్రిలిక్ షీటు బిగించడానికి నా మనసు ఒప్పుకోలేదు. పైగా అది చట్టానికీ విరుద్ధం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 100వ నిబంధన ప్రకారం కారుకు ప్రమాణాలకు లోబడిన భద్రతా గాజు లేదా భద్రతా గ్లేజింగ్ ఉండాలి. ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం వెలుతురును లోనికి రానివ్వాలి. నల్ల ఫిల్ములను అంటించడాన్ని 2012లో సుప్రీంకోర్టు నిషేధించింది. బీమా కూడా మాకు తోడు రాలేదు. పాత బండి కనుక చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంది. అది ఎదుటివారి నష్టానికే గాని సొంత కారు అద్దానికి వర్తించదు.

మరునాడు ఉదయం దుకాణదారుకు వద్దని చెప్పి వస్తుంటే, ఆ బాలుడు చీపురుతో వీధి ఊడుస్తూ కనిపించాడు. ఎవరూ చెప్పకుండానే చెట్టుకింది గాజు పలుకులన్నీ గోనెసంచిలోకి ఎత్తుతున్నాడు. "చిన్న పిల్లలు ఉత్తకాళ్లతో తిరుగుతరు తాతా" అన్నాడు. దారిలో హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని మనం ప్రసంగాల్లో వింటాము. నేను ఆ గాజు మీదుగా రెండుసార్లు నమాజుకు వెళ్లివచ్చాను. వంగింది మాత్రం వాడు.

వాడు జేబులోంచి ఒక ముద్ద తీసి ఇచ్చాడు. తలుపు రబ్బరులో ఇరుక్కుని, పలుకులు ఒకదానినొకటి వదలకుండా నిలిచిన అద్దం మూల అది. దానిమీద సన్నని అక్షరాలు ఉన్నాయి. తయారుచేసినవారి గుర్తు, ఐఎస్‌ఐ ముద్ర, వాహనాల భద్రతా గాజుకు సంబంధించిన ఐఎస్ 2553 అనే ప్రమాణ సంఖ్య, సంవత్సరాన్ని తెలిపే అంకె. "దీనిమీద రాసుంది, పనికొస్తదేమోనని దాచిన" అన్నాడు.

అది నిజంగా పనికివచ్చింది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోని స్పేర్ పార్టుల దుకాణాల్లో విచారిస్తే లేదన్నారు. కొత్తది దొరికే ఆశ లేదు. ఇలాంటి బండ్లు ఎక్కువగా తిరిగిన నగరంలో వెతకమని ఒక పెద్దాయన సలహా ఇచ్చాడు. బెంగళూరు శివాజీనగర్‌లో పాత వాహనాల విడిభాగాలమ్మే గుజరీ ఉంది. అక్కడి ఒక దుకాణదారుకు ఆ అద్దం ముద్ద ఫొటో పంపితే, విడదీసిన బండిలోని అద్దం తన దగ్గర ఉందన్నాడు. "కుడివైపా, ఎడమవైపా?" అని అడిగాడు. కారు ముందు నిలబడి చూసి "ఎడమ" అన్నాను.

వారం తరువాత గడ్డిలో చుట్టి, చెక్క చట్రంలో బిగించిన పార్సిల్ వచ్చింది. అద్దం సరిపోలేదు. వంపు ఎదురుగా ఉంది. కారుకు కుడి ఎడమలను ఎదుట నిలబడి కాదు, డ్రైవరు సీట్లో కూర్చుని లెక్కించాలి. నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి, ఇంత చిన్న విషయం తెలియలేదు. రెండువైపుల రవాణా ఖర్చు భరించి మార్పించుకున్నాను. ఈలోగా వర్షాలు మొదలయ్యాయి. కిటికీకి మందపాటి పాలిథిన్ పట్టా, వెడల్పాటి టేపు అంటించి, నర్సంపేట మీదుగా నెమ్మదిగా భూపాలపల్లికి బయలుదేరాను. దారి పొడవునా ఆ పట్టా టపటపలాడుతూనే ఉంది.

భూపాలపల్లిలో మా అమ్మాయి ఉంటుంది. అల్లుడు సింగరేణి గనిలో ఎలక్ట్రీషియన్. ఆ ప్రాంతమంతా బొగ్గు, కరెంటు. కాకతీయ ఖని బొగ్గు, పక్కనే చెల్పూరులో 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లతో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. నేను పొగలేని బండి అని మురిసిపోతుంటే, "మామూ, ఈ బండి పొగ ఇక్కడ వస్తుంది" అని అల్లుడు చిమ్నీ వైపు చూపించి నవ్వుతాడు.

కుడివైపు అద్దం అక్కడికే తెప్పించాము. మెకానిక్కులు ఎందుకు భయపడ్డారో చెబితే అల్లుడు తల ఊపాడు. "భయం మంచిదే. గనిలో కరెంటు ఆపి, తాళం వేసి, పలక తగిలించనిదే యంత్రం మీద చెయ్యి వేయము. అయితే ఎక్కడ భయపడాలో తెలియాలి" అంటూ కారు కిందికి వంగి చూపించాడు. నారింజ రంగు తొడుగు ఉన్న లావాటి తీగలు అధిక వోల్టేజివి. శిక్షణ లేనివారు వాటి జోలికి వెళ్లరాదు. అవి తలుపులోకి రావు. తలుపులో ఉండేవి ఏ కారులోనైనా ఉండే 12 వోల్టుల తీగలే.

కారు ఆపి, తాళంచెవి దూరంగా పెట్టి, చిన్న బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాడు. ఆ తరువాత తలుపు లోపలి డోర్ ప్యాడ్ స్క్రూలు తీసి, క్లిప్పులు విరగకుండా మెల్లగా ఊడదీశాడు. దాని వెనుక ఒక పలుచని ప్లాస్టిక్ తెర ఉంటుంది. వాన నీరు లోనికి రాకుండా ఆపేది అదే. దాన్ని చింపకుండా ఒలిచాడు. తలుపు అడుగున దోసెడు గాజు పలుకులు పేరుకుని ఉన్నాయి. వాక్యూమ్ క్లీనరుతో అన్నీ లాగి, నీరు పోయే రంధ్రాల్లో ఇరుక్కున్నవాటిని కూడా పుల్లతో తీశాడు. అవి మూసుకుపోతే తలుపు లోపల నీరు నిలిచి తుప్పు పడుతుందట. కొత్త అద్దాన్ని కాస్త వంచి పైనుంచి దించి, రబ్బరు గాడిలో కూర్చోబెట్టి, అద్దాన్ని ఎత్తి దించే మిషన్‌కు బోల్టులతో వదులుగా పట్టించాడు. బ్యాటరీ తగిలించి రెండుసార్లు పైకీ కిందికీ నడిపి, అంచులు సమంగా కూర్చున్నాక బోల్టులు బిగించాడు. చివరగా బకెట్టు నీళ్లు పోసి చూశాడు. చుక్క కూడా లోనికి రాలేదు.

మొత్తం పని రెండు గంటలు. దానికోసం నెల రోజులు తిరిగాను.

తిరుగు ప్రయాణంలో మహబూబాబాద్‌లో ఆగాను. ఆ తల్లి ఇంటికి వెళ్లి, ఐదు వందల నోటు ఆమె ముందు పెట్టి, "అమ్మా, నా మాటకు మన్నించు. కారు అక్కడ పెట్టొద్దని ముందే చెప్పారు, వినలేదు. తప్పు నాది" అన్నాను.

ఆమె కుట్టుమిషన్ ఆపింది. "మీ తప్పు మీది సారూ. రాయి వేసింది మావాడే కదా. ఊరికే వదిలేస్తే రేపు ఇంకొకరి తల పగలగొడతడు" అంది. నోటు తీసుకోలేదు. నేను బలవంతం చేయబోయి ఆగాను. తన కొడుకు బాకీని తీర్చే గౌరవం ఆమెది. ఒకసారి కోపంతో ఆమెను చిన్నబుచ్చాను. ఈసారి దానశీలిగా చిన్నబుచ్చడం ఎందుకు? చివరికి ఆ బాలుడే ఒక దారి చూపాడు. డబ్బాలో దాచుకున్న పండుగ పైసల్లోంచి వంద రూపాయలు తెచ్చి ఇచ్చాడు. వంద నేను తీసుకున్నాను. ఐదు వందలు ఆమె తీసుకుంది. ఆ తరువాత వాణ్ణి కారెక్కించి, కొత్త అద్దం దించి ఎక్కించమన్నాను. పదిసార్లు చేశాడు.

ఈసారి కారును వాకిట్లోనే నిలిపాను. ఇరుకు గేటులోంచి తిప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది.

ఆ అద్దం మూలన ఉన్న సంవత్సరపు అంకె మిగిలిన మూడు అద్దాల అంకెతో కలవదు. మావాడు సెలవుపై వచ్చినప్పుడు ఆ మూల చూపించి, ఇదే మార్చిన అద్దమని చెప్పాను. "చెప్పకపోతే తెలిసేది కాదు చాచా" అన్నాడు. ఆ మాట మహబూబాబాద్ దుకాణంలో నేను ముందే విన్నాను. మన చేతుల్లో ఉన్న ఇతరుల సొత్తును, ఇతరుల గౌరవాన్ని ఉన్నవి ఉన్నట్లుగా తిరిగి అప్పగించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.